రొక్కమునకు ఇల్లు కొందుమను కంపెనీలు: సంతకమునకు ముందు చేయవలసిన విచారణ

"మీ ఇల్లు ఏ స్థితిలో నున్నను కొందుము. వారము దినములలో రొక్కము." ఇట్టి ప్రకటన కాగితములును, సెల్‌ఫోను సందేశములును మన గ్రామములకు కూడ వచ్చుచున్నవి. వచ్చినవారు ఒక కంపెనీ పేరు చెప్పుదురు. అరుగుమీద కూర్చుండి మంచినీళ్ళు పుచ్చుకొని, ఇంటిని ఒకమారు చుట్టివచ్చి, ధర చెప్పుదురు. ఇంటి యజమాని చేతిలో ఏబదివేలో, లక్షయో పెట్టి, ఒక స్టాంపు కాగితముపై సంతకము కోరుదురు. ఆ సంతకము ప్రక్కన సాక్షి సంతకము కావలసివచ్చినపుడు ఎవరిని పిలుతురు? పంచాయతీ సభ్యుని. కావున ఈ వ్యాసమును ఇల్లు అమ్ముకొనువారి కొరకు ఎంతగా వ్రాయుచున్నామో, ప్రక్కన సంతకము చేయు సభ్యుల కొరకును అంతగా వ్రాయుచున్నాము.

త్వరగా కొనువారందరును మోసగాండ్రని మేము చెప్పుట లేదు. త్వరగా అమ్ముకొనవలసిన అవసరము నిజముగా ఉన్నవారు గోదావరి డెల్టాలో అనేకులు గలరు. చేపల చెరువులో నష్టము వచ్చి బ్యాంకు బాకీ మీదబడినవారు కలరు. ఆసుపత్రి ఖర్చు నెత్తిన బడినవారు కలరు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడగా, అమలాపురము ప్రాంతమునందో, తణుకు ప్రాంతమునందో పెద్ద మండువా లోగిలిలో ఇద్దరు వృద్ధులు మాత్రమే మిగిలిన ఇండ్లు కలవు. అట్టి ఇంటికి నెమ్మదిగా మంచి బేరము కుదుర్చుకొను ఓపిక వారికి ఉండదు. కొనువాడు ఆ అలసటను చూచియే ధర కట్టును. స్థలమును సెంట్లలో కొలిచి, పాత టేకు స్తంభములకును, ద్వారబంధములకును, దూలములకును సున్న వేయును. ఆ కలపను విడిగా అమ్మినచో ఎంత వచ్చునో అమ్ముకొనువారు ఒక కలప వ్యాపారిని అడిగి తెలిసికొన్నచో, బేరము స్వరూపమే మారిపోవచ్చును.

అయితే ధర తగ్గుట ఇందులో చిన్న నష్టము. తెలిసి తక్కువకు అమ్ముకొనుట యజమాని ఇష్టము. పెద్ద నష్టము మరియొకచోట నున్నది. సొమ్ము చేతికి రాకముందే కాగితము చేయి దాటిపోవుటలో నున్నది.

ఈ వ్యాపారము నడచు తీరు కొంచెము వివరింపవలసియున్నది. కొందుమని వచ్చినవారిలో పలువురు నిజముగా కొనువారు కారు. కొద్దిపాటి బజానా ఇచ్చి క్రయ ఒప్పంద పత్రము వ్రాయించుకొందురు. తరువాత అదే ఇంటిని ఎక్కువ ధరకు కొనువాని కొరకు వెదకుదురు. దొరికినచో ఆ ఎక్కువ భాగమును తాము మిగుల్చుకొందురు. దొరకనిచో గడువుమీద గడువు అడుగుదురు. అనగా వారు పెట్టిన పెట్టుబడి బజానా మాత్రమే. మిగిలిన పెట్టుబడి యంతయు మన ఇల్లే. ఇది మన దేశమునకే పరిమితమైన విద్య కాదు. అమెరికాలోను ఇట్టి వ్యాపారులు విస్తారముగా నున్నారు. మన పిల్లలు వేలాదిగా నివసించు టెక్సాసు రాష్ట్రములో, ఇట్టి వ్యాపారి తాను అమ్మజూపునది ఇల్లు కాదనియు, ఒప్పందమువలన తనకు వచ్చిన హక్కు మాత్రమేననియు కొనవచ్చినవానికి తెలిపి తీరవలెనని 2017లో చట్టము చేసిరి.

ఒప్పంద పత్రమే కదా, రిజిస్ట్రీ కాలేదు కదా యని మనవారు ధీమాగా నుందురు. ఇందులో సగము నిజము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 54వ సెక్షను ప్రకారము, నూరు రూపాయలు, అంతకు పై విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు వలననే జరుగవలెను. ఒప్పందము వలన ఆస్తిపై హక్కు పుట్టదు. కాని ఒప్పందము ప్రకారము నాకు దస్తావేజు వ్రాసియిమ్మని దావా వేయు అవకాశము మాత్రము పుట్టును. ఆ దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టము మూడు సంవత్సరముల గడువు ఇచ్చుచున్నది. ఒప్పందములో తేదీ వ్రాసియున్నచో ఆ తేదీ నుండి మూడు సంవత్సరములు. తేదీ వ్రాయనిచో? ఇవ్వనని మీరు నిరాకరించిన సంగతి అవతలివానికి తెలిసిన దినము నుండి మూడు సంవత్సరములు. సభ్యులు ఈ భేదమును బాగుగా గమనింపవలెను. తేదీ లేని ఒప్పందము ఎంతకాలమైనను ఇంటిమీద వ్రేలాడుచునే యుండును. ఈలోపల మరియొకడు మంచి ధరకు కొనవచ్చినను, పాత కాగితము సంగతి వినగానే వెనుకకు పోవును. లక్ష రూపాయల బజానా ముప్పది లక్షల ఇంటిని కట్టివేయుట యనగా ఇదియే.

కాబట్టి ఒప్పందము వ్రాయక తప్పనిచో, అందు మిగిలిన సొమ్ము చెల్లించు తేదీ ఉండవలెను. ఆ తేదీకి చెల్లింపనిచో ఒప్పందము రద్దగునను షరతు ఉండవలెను. కొనువాడు తన హక్కును వేరొకరికి మార్చరాదను మాటయు ఉండవలెను. ఈ మూడవ మాట వ్రాయుమన్నప్పుడు ఎదుటివాని ముఖము చూడుడు. నిజముగా తానే కొనువానికి దానితో ఇబ్బంది ఉండదు. సొమ్ము పూర్తిగా అందకముందు ఇంటిని స్వాధీనము చేయుట, తాళములు ఇచ్చుట, మరమ్మతుల పేర గోడలు పడగొట్టనిచ్చుట ఎంతమాత్రము తగదు.

ఒప్పందము కంటె ప్రమాదకరమైనది జనరల్ పవరాఫ్ అటార్నీ. వాడుకలో జీపీఏ అందురు. "మీరు మాటిమాటికి రిజిస్ట్రారు కార్యాలయమునకు తిరుగనక్కరలేదు, ఒక్క పవరు ఇచ్చినచో మేమే చూచుకొందుము" అని వృద్ధులకు నచ్చచెప్పుదురు. తిరుగవలసిన శ్రమ తప్పునన్న మాట నిజమే. అయితే ఆ ఒక్క కాగితముతో వారు మీ పేర మరియొకరికి దస్తావేజు వ్రాసియిచ్చి, సొమ్ము పుచ్చుకొనవచ్చును. ఒప్పందము, జీపీఏ, వీలునామా మూడును కలిపి విక్రయముగా చలామణి చేయు పద్ధతిని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11వ తేదీన సూరజ్ ల్యాంపు కేసులో తప్పుపట్టినది. అట్టి కాగితముల వలన యాజమాన్యము బదిలీ కాదనియు, రిజిస్టరు క్రయ దస్తావేజు వలననే యగుననియు స్పష్టముగా చెప్పినది. కుటుంబములోని వారికి, నమ్మకస్థులకు నిజమైన అవసరము మీద ఇచ్చు పవరునకు ఈ తీర్పు అడ్డు రాదు. విదేశములలోని కుమారుడు తల్లికి పవరు ఇచ్చుట వేరు; నిన్న పరిచయమైన కంపెనీ మనిషికి తల్లి పవరు ఇచ్చుట వేరు.

ఇక రిజిస్టరు దస్తావేజు విషయమునందే జరిగిన ఒక సంగతి చెప్పుదుము. ఇది గోదావరి తీరమున జరిగినది కాదు, తాపీ నది తీరమున గల సూరతు నగర ప్రాంతమున జరిగినది. కాని మన గ్రామములలో ఏనాడైనను జరుగగలదు. అచ్చటి ఒక వ్యవసాయ కుటుంబము 2009 జూలైలో తమ భూమిని 1 కోటి 74 లక్షల 2 వేల రూపాయలకు రిజిస్టరు దస్తావేజు మీద విక్రయించినది. సొమ్ము 36 చెక్కులుగా ఇచ్చినట్లు దస్తావేజులో వ్రాయబడెను. అమ్మినవారు చెప్పినదేమనగా, ఆ చెక్కులలో ఆరింటికి మాత్రమే, అదియు మొత్తము 40 వేల రూపాయలు మాత్రమే తమకు వచ్చినదనియు, మిగిలిన 30 చెక్కులు ఉత్తవనియు. 2013లో కొన్నవాడు ఆ భూమిని ఇతరులకు అమ్మివేసెను. అమ్మినవారు 2014 డిసెంబరులో దావా వేసి, దస్తావేజును రద్దు చేయుమని కోరిరి. క్రింది కోర్టులోను, గుజరాతు హైకోర్టులోను వారి దావా నిలువలేదు. 2020 జూలై 9వ తేదీన సుప్రీంకోర్టు కూడ అదే నిర్ణయము చేసినది.

కోర్టు చెప్పిన కారణములు రెండు. అయిదు సంవత్సరములకు పైగా సొమ్ము రాలేదని ఎచ్చటను అడుగక ఊరకుండుట మొదటిది. దావా కాలదోషము పట్టినది. రెండవది ఇంకను ముఖ్యమైనది. సొమ్ము పూర్తిగా ముట్టలేదనుట నిజమే యనుకొన్నను, ఒకసారి దస్తావేజు వ్రాసి రిజిస్ట్రీ చేసిన తరువాత ఆ కారణముచే దానిని రద్దు చేయుటకు వీలులేదు. రావలసిన సొమ్ము కొరకు మాత్రము దావా వేసికొనవచ్చును. అనగా భూమి తిరిగి రాదు.

ఈ తీర్పును గ్రామములో నలుగురు కూడినచోట చెప్పవలసిన అవసరమున్నది. ఏలయన "యావత్తు సొమ్ము ముట్టినది" అను వాక్యము దస్తావేజు లేఖరులకు కంఠస్థము. సొమ్ము ముట్టినను, ముట్టకున్నను వ్రాయుచుందురు. రేపు చెక్కు మారునులే యని మనవారు సంతకము చేయుచుందురు. చెక్కు చెల్లనిచో ఇచ్చినవానిమీద కేసు పెట్టవచ్చును గాని, ఇల్లు మాత్రము అప్పటికే చేయి దాటియుండును. కావున చెక్కు సొమ్ము ఖాతాలో జమయైనట్లు బ్యాంకులో చూచుకొన్న పిదపనే రిజిస్ట్రారు ఎదుటకు పోవలెను. లేదా బ్యాంకు డ్రాఫ్టును అచ్చటనే, సబ్ రిజిస్ట్రారు సమక్షములో పుచ్చుకొనవలెను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 58వ సెక్షను ప్రకారము, తన సమక్షములో జరిగిన చెల్లింపును అధికారి దస్తావేజుమీద వ్రాసియుంచును. అంతకంటె గట్టి రసీదు మరియొకటి లేదు. తుది సంతకమైన దస్తావేజును ముందుగా వారి చేతికిచ్చి "తరువాత రిజిస్ట్రీ చేసికొందుము" అనుటయు కూడదు. సంతకమైన దస్తావేజును నాలుగు మాసములలోపల రిజిస్ట్రీకి దాఖలు చేయవచ్చునని చట్టమే చెప్పుచున్నది.

ప్రకటనలో పెద్ద అక్షరములతో కనబడు "రొక్కము" అను మాటను గురించియు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. స్థిరాస్తి విక్రయము విషయమున, బజానాగా గాని మరియొక రీతిగా గాని, ఇరువది వేల రూపాయలు, అంతకు పై మొత్తమును నగదుగా పుచ్చుకొనరాదని 2015 జూన్ 1వ తేదీనుండి ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. బేరము తుదకు చెడిపోయినను నిషేధము వర్తించును. ఉల్లంఘించినచో ఎంత సొమ్ము పుచ్చుకొన్నారో అంతయు జరిమానాగా విధింపవచ్చును. ఆ జరిమానా ఇచ్చినవానికి కాదు, పుచ్చుకొన్నవానికి, అనగా మన గ్రామస్థునికి. వ్యవసాయాదాయము మాత్రమే గలవారి నడుమ కొంత మినహాయింపు కలదు గాని, కంపెనీ కొనువాడైనచో ఆ మాట పొసగదు. అరుగుమీద చేతిలో పెట్టిన ఆ లక్ష రూపాయలు ఎంత బరువైనవో ఇప్పుడు సభ్యులు ఊహింపగలరు. సొమ్ము బ్యాంకు ద్వారమున రావలెను. వచ్చు ఖాతా కంపెనీ పేరనే యుండవలెను గాని ఎవరో మధ్యవర్తి పేర ఉండరాదు.

ఇప్పుడు కంపెనీని విచారించుట ఎట్లు? బోర్డును, కారును, క్యాలెండరును చూచి కంపెనీ స్థోమతను నిర్ణయింపరాదు. నిజముగా కంపెనీయైనచో దానికి 21 అక్షరములు, అంకెలు గల గుర్తింపు సంఖ్య ఉండును. దానిని ఉత్తరములమీదను, బిల్లులమీదను ముద్రింపవలెనని 2013 కంపెనీల చట్టము నిర్దేశించినది. ఈ సంఖ్యలో ఒక చమత్కారమున్నది. మొదటి ఎనిమిది స్థానములు విడిచి, తరువాతి నాలుగంకెలు చూచినచో కంపెనీ నమోదైన సంవత్సరము తెలియును. "ఇరువది ఏండ్లుగా ఈ వ్యాపారములో నున్నాము" అని చెప్పిన కంపెనీ సంఖ్యలో గత సంవత్సరమే కనబడినచో, ఇక ఎక్కువ ప్రశ్నలు అవసరము లేదు. ఆ సంఖ్యతో కేంద్ర కార్పొరేటు వ్యవహారముల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో డైరెక్టర్ల పేర్లు, చెల్లించిన మూలధనము, కంపెనీపైగల అప్పుల వివరములు చూడవచ్చును. గ్రామములో చదువుకొన్న యువకులెవరైనను కొద్ది నిమిషములలో చూచి చెప్పగలరు. 2015లో చేసిన సవరణ తరువాత కంపెనీ పెట్టుటకు ఇంత మూలధనము ఉండితీరవలెనను నియమము లేదు. కాబట్టి కంపెనీ యను మాటలోనే ధనము దాగియున్నదని భ్రమపడరాదు. లక్ష రూపాయల మూలధనము గల కంపెనీ నలుబది లక్షల ఇల్లు వారములో కొందుననినచో, ఆ సొమ్ము ఎచ్చటనుండి వచ్చునో అడుగుట అమర్యాద కాదు. సంతకము చేయవచ్చిన మనిషికి ఆ అధికారమిచ్చుచు డైరెక్టర్ల సమావేశము చేసిన తీర్మానపు నకలును అడుగవలెను. కంపెనీ కాక భాగస్వామ్య సంస్థయైనచో, 1932 చట్టము క్రింద నమోదైన పత్రమును చూపుమనవలెను.

వీటన్నింటికంటె ఉత్తమమైన పరీక్ష మన సబ్ రిజిస్ట్రారు కార్యాలయములోనే యున్నది. "మీ ప్రక్క గ్రామములో పది ఇండ్లు కొన్నాము" అని వచ్చినవారు చెప్పుదురు. మంచిది, ఆ పది దస్తావేజుల నంబర్లు ఇమ్మనవలెను. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించు 1వ పుస్తకమును, రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును, నకళ్ళు పొందవచ్చును. ఇది రిజిస్ట్రేషను చట్టము 57వ సెక్షను మనకు ఇచ్చిన హక్కు. ఆ ఇండ్లకు ఈ.సీ. తీసి చూచినచో, కంపెనీ నిజముగా క్రయ దస్తావేజు పొందినదా, లేక ఒప్పందమో జీపీఏయో మాత్రమే పొందినదా, ఎంతకాలమునకు ఎవరికి మరల అమ్మినది, అన్నియు బయటపడును. దస్తావేజులో వ్రాసిన ధర అసలు ధర కాకపోవచ్చును. అందుచే ఆ పదిమందిలో ఇద్దరిని స్వయముగా కలిసికొని, చెప్పిన సొమ్ము చెప్పిన దినమునకు వచ్చినదా యని అడుగుట మేలు. రాజమహేంద్రవరము నుండి వచ్చిన పెద్దమనిషి మాటకంటె, ప్రక్క గ్రామములో ఇల్లు అమ్ముకొన్నవాని మాట విలువైనది.

కంపెనీ పూర్తిగా మంచిదైనను, ఇంటిలోని వాటాల సంగతి తేలక అమ్మినచో కలహము తప్పదు. అన్నదమ్ములలో అవసరములో నున్న ఒక్కనిని పట్టుకొని, విభజన కాని ఇంటిలో వాని వాటాను చౌకగా కొని, మిగిలినవారిపై దావా వేసి బెదరించువారు కలరు. ఇట్టి సందర్భమున కుటుంబమును రక్షించు నియమములు రెండున్నవి. అవిభక్త కుటుంబపు నివాసగృహములో వాటా కొన్న పరాయివానికి ఆ ఇంటిలో కలిసి కాపురముండు హక్కు లేదని ఆస్తి బదిలీ చట్టము 44వ సెక్షను చెప్పుచున్నది. అతడు విభజన దావా వేసినచో, ఆ వాటాను కోర్టు నిర్ణయించిన ధరకు తామే కొనుక్కొందుమని కుటుంబీకులు కోరవచ్చునని 1893 నాటి విభజన చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. ఆడపడుచుల వాటాను మరచుటయు మన ప్రాంతములో మామూలే. పిత్రార్జితములో కుమార్తెలకు సమాన వాటా మన రాష్ట్రములో 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండియే మొదలైనది. 2005 సెప్టెంబరు 9వ తేదీ నుండి దేశమంతటను, అంతకుముందే వివాహమైన కుమార్తెలకు కూడ, ఆ హక్కు లభించినది. గల్ఫులో పనిచేయుచున్న కుమార్తె సమ్మతి లేకుండ జరిగిన విక్రయము చిక్కులు తెచ్చి తీరును.

గ్రామకంఠములోని ఇండ్ల విషయము పంచాయతీకి నేరుగా సంబంధించినది. తరతరములుగా కాపురమున్నను పలువురికి మూల దస్తావేజు ఉండదు. చేతిలో ఇంటిపన్ను రసీదులు మాత్రముండును. "మీకు పత్రములు లేవు, మేము గనుక కొనుచున్నాము" అని సగము ధర చెప్పుటకు ఇదియే సాకు. పన్ను రసీదు యాజమాన్య పత్రము కాదనుట నిజమే. కాని కాపురమున్నట్లు చూపు మంచి సాక్ష్యము. ఇట్టి ఇండ్లకు కొలతలు వేసి ఆస్తి కార్డులు ఇచ్చుటకు 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము స్వమిత్వ పథకమును ప్రారంభించినది. సభ్యులు తమ గ్రామములో ఆ పని ఎంతవరకు వచ్చినదో విచారించి, కార్డు వచ్చు అవకాశమున్నచో అంతవరకు ఆగుమని యజమానికి చెప్పవలెను. ఒప్పంద పత్రమునో, జీపీఏనో చూపి డిమాండు రిజిస్టరులో పేరు మార్చుమని ఎవరైన అడిగినచో, రిజిస్టరు దస్తావేజు తెమ్మనవలెను. ప్రభుత్వమిచ్చిన నివేశన స్థలములకు వేరు షరతులున్నవి. అవి తహశీల్దారు కార్యాలయములో అడుగక బేరమునకు దిగరాదు. రంపచోడవరము వంటి ఏజెన్సీ ప్రాంతములలోనైతే 1970 నాటి 1వ రెగ్యులేషను ప్రకారము గిరిజనేతరులకు బదిలీ చెల్లనే చెల్లదు.

సాక్షి సంగతికి వత్తుము. సాక్షి యనగా, వ్రాసియిచ్చినవాడు సంతకము చేయుటను కన్నులార చూచి, వాని యెదుటనే తాను సంతకము చేసినవాడు. కాగితము ఇంటికి తెచ్చి "ఇచ్చట ఒక సంతకము పెట్టుడు" అన్నప్పుడు మొగమాటమునకు పెట్టినవాడు సాక్షి కాడు. అయినను రేపు కోర్టు బోను ఎక్కవలసినవాడు ఆయనయే. ఖాళీలున్న కాగితముమీద ఎట్టి పరిస్థితిలోను సంతకము చేయరాదు. చేయుటకు ముందు వ్రాసియిచ్చువానిని, ముఖ్యముగా చదువురాని వృద్ధురాలిని, ప్రక్కకు పిలిచి "అమ్మా, ఎంత వచ్చినది, ఇంకెంత రావలె, ఎప్పటికి?" అని అడుగుడు. ఆమె చెప్పిన అంకెయు కాగితములోని అంకెయు ఒకటి కానిచో, ఆ దినమునకు బేరము ఆపించుడు. దీనివలన కొందరికి కోపము రావచ్చును.

ఇప్పటికే సంతకము చేసి చిక్కుకొన్నవారు మీ యొద్దకు వచ్చినచో, ఆలస్యము చేయనీయకుడు. సూరతు కుటుంబమునకు అయిదేండ్ల మౌనమే శత్రువైనది. ఒప్పందపు గడువు దాటినచో వకీలు ద్వారా నోటీసు ఇప్పింపవలెను. జీపీఏ ఇచ్చియున్నచో, అది రద్దు చేయదగినదో కాదో వకీలుకు చూపి, రద్దు పత్రమును రిజిస్ట్రీ చేయించి, ఆ సంగతి పుచ్చుకొన్నవానికిని, సబ్ రిజిస్ట్రారునకును తెలుపవలెను. వకీలు రుసుము భరింపలేనివారికి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద ఉచిత సహాయము దొరకును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఇచ్చెదరు. రాజమహేంద్రవరములోను, ఏలూరులోను కోర్టు ఆవరణములందు జిల్లా న్యాయసేవాధికార సంస్థల కార్యాలయములున్నవి. 15100 అను నంబరుకు ఫోను చేసియు అడుగవచ్చును. పోవునప్పుడు ఒప్పందపు నకలు, బ్యాంకు పాసుపుస్తకము, ఈ.సీ., ఇంటిపన్ను రసీదులు వెంట తీసికొని పోవలెను; నకలు తమకు ఇవ్వలేదని చెప్పినచో, సంతకము చేసిన తేదీయు, ఆనాడు అచ్చట నున్నవారి పేర్లును ఒక కాగితముమీద వ్రాసికొని పోవలెను.